చింతపిక్కల లెక్క

జగన్నాధం అంకె చెప్పేటప్పుడు ఆలోచించలేదు.

తుఫాను షెల్టరు హాల్లో కిటికీలన్నీ మూసి, గోడకు తెల్లదుప్పటి కట్టి, దాని మీద ప్రొజెక్టరు వెలుగు వేశారు. చినసంద్రపేట మొత్తం చాపల మీద కూర్చుని ఆ వెలుగు వైపే చూస్తోంది. నిరుడు తుఫానుకు ఇళ్ళు పోయిన కుటుంబాలు నూట పది. ఒక స్వచ్ఛంద సంస్థ ఊరి వెనక మెట్ట మీద కట్టించిన ఇళ్ళు నలభై. ఎవరికి వస్తాయో తేల్చే ప్రోగ్రాం రాసింది కూర్మమ్మ. ఆ ఊరి పిల్లే. విజయనగరంలో ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో అటు లెక్కలూ ఇటు కంప్యూటర్లూ రెండూ చెబుతుంది. పిల్లలు చాటున ‘తాబేలు మేడమ్’ అంటారని ఆమెకు తెలుసు. తాబేలు గెలిచిన కథ కూడా వాళ్ళకు తెలుసు కదా అని ఊరుకుంటుంది.

ప్రోగ్రాం చిన్నదే. ఒక అంకె వేస్తే, ఆ అంకె నుంచి పుట్టిన వరుసలో నూట పది పేర్లూ కలిసిపోయి, మొదటి నలభై తెర మీద పడతాయి. ఏ అంకెకు ఏ పేర్లు వస్తాయో ఎవరూ ఊహించలేరు. కానీ అదే అంకె మళ్ళీ వేస్తే అవే పేర్లు వస్తాయి. రేపెవరికైనా అనుమానం వస్తే మళ్ళీ వేసి చూసుకోవచ్చు. దాన్ని అలా రాసినందుకు కూర్మమ్మకు లోలోపల గర్వంగానే ఉండేది. పేర్లలో తన తల్లి దేముడమ్మ కూడా ఉంది కాబట్టి, అంకె మాత్రం తను చెప్పనని ముందే చెప్పేసింది.

“ప్రెసిడెంటు గారు చెబుతారు. అందరి ముందూ చెబుతారు” అన్నాడు సంస్థ తరఫున వచ్చిన ధర్మేంద్ర. మెడలో కెమెరా వేలాడుతున్న కుర్రవాడు.

ఇళ్ళ కమిటీ ప్రెసిడెంటు జగన్నాధం లేచి, కండువా సర్దుకుని, మైకు అందుకున్నాడు.

“వెయ్యిన్ని ఎనిమిదొందల నలభై మూడు.”

కూర్మమ్మ వేళ్ళు ఆ అంకె కొట్టాయి. మనసు మాత్రం అలవాటు కొద్దీ అంకెల్ని కూడింది. పదహారు. ఒకటీ ఆరూ, ఏడు. ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టనిపించింది. అంతలో పేర్లు పడటం మొదలైంది. హాల్లో కేకలు, ఏడుపులు. ఆఖరి పేర్ల దగ్గర, చేపల వాసన వేసే రెండు చేతులు ఆమె మెడను వెనక నుంచి చుట్టేశాయి.

“ఓలమ్మో! దేముడమ్మంటే నానే గదే! ఇల్లే! నాకు ఇల్లొచ్చింది కూర్మీ!”

ఆ క్షణంలో కూర్మమ్మ అన్నీ మరిచిపోయింది. ఏడాదిగా నీలం టార్పాలిన్ పట్టా కింద పడుకుంటున్న తల్లి. గాలి లేచినప్పుడల్లా తాడు పట్టుకుని కూర్చునే తల్లి. పక్క పట్టాలో ఉండే లక్ష్మణమ్మ ఖాళీ చేతులతో గోడకు చేరబడి కొంగు నోట్లో కుక్కుకోవడం కనబడినా, ఆ సంతోషంలో చూపు అక్కడ ఆగలేదు.

తిరుగు ప్రయాణంలో కూర్మమ్మ భర్త నాగబాబు స్కూటర్ని అరసవల్లి దగ్గర ఆపాడు. పెళ్ళయి రెండు నెలలు. రోడ్డు పక్కన బజ్జీల బండి కనబడితే ఆగకుండా పోవడం ఆ ఇద్దరికీ ఇంకా చేతకాలేదు. కరెంటాఫీసులో లైనుమన్ అతను. బొబ్బిలి దగ్గర రైతుల ఇంటివాడు. వేడి బజ్జీని విరిచి, ఊది, పెద్ద ముక్క ఆమె చేతిలో పెట్టి, చిన్న ముక్క తను తింటాడు. రోజూ ఇదే పద్ధతి. ఆమెకు రోజూ కొత్తగానే ఉంటుంది. ఇవాళ మాత్రం ముక్క చేతిలోనే చల్లారిపోయింది.

“ఏటి మేడమ్, బజ్జీకి కూడా లెక్క సెప్తన్నావా?”

“బావా, జగన్నాధం కారు నంబరు కూడితే ఎంత?”

“తొమ్మిది. మీ ఊరి కుక్కలక్కూడా తెలుసు.”

“బోట్లు?”

“తొమ్మిదే. ఫోను తొమ్మిది. ఏడో తారీకని మొన్న మన పెళ్ళికి కూడా రానన్నాడు గదా, మీయమ్మ సెప్పింది.” నాగబాబు నవ్వబోయి ఆగాడు. ఆమె ముక్కు మీద చెమట పట్టింది. కోపం వచ్చినప్పుడే పడుతుంది. “ఏటైంది?”

“తొమ్మిది రాని అంకెను గడప తొక్కనివ్వని మనిషి, ఇంత పెద్ద పనికి ఏడొచ్చే అంకె చెప్పాడు. తడుముకోకుండా చెప్పాడు. ఎవరైనా ఉన్నపళంగా అంకె చెప్పమంటే ఆలోచిస్తారు. ఆయన అప్పజెప్పాడు.”

నాగబాబు చేతిలోని పొట్లం కాగితం నలిపాడు. స్కూటరెక్కాక వెనక నుంచి ఆమె అతన్ని పట్టుకున్న పట్టులో ముద్దు లేదు. గుప్పిట బిగిసి ఉంది.

ఆదివారం మధ్యాహ్నం కొత్త కుక్కరు మొదటి కూత వేసింది. ఆ కూత వినడం కూర్మమ్మకు ఎంత ఇష్టమంటే, మామూలు రోజుల్లో చేస్తున్న పని ఆపి మరీ వింటుంది. తల్లి ఇంట్లో కట్టెల పొయ్యే. ఈ కూత తన ఇంటి కూత. ఇవాళ వినబడలేదు. వంటింటి గట్టు మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలబడి పని చేస్తోంది. నాగబాబు కింద పీట మీద కూర్చుని బెండకాయలు తరుగుతున్నాడు.

వచ్చిన నలభై మందిలో జగన్నాధం చుట్టాలు ఆరుగురు ఉన్నారు. తమ్ముడు, బావమరిది, మేనల్లుళ్ళు. ఊళ్ళో అందరికీ తెలిసిన విషయమే. ఇద్దరికి శ్రీకాకుళంలో శ్లాబు ఇళ్ళున్నాయి. అసలు తుఫాను నాటికి ఆ ఇద్దరూ ఊళ్ళోనే లేరు. అయినా నూట పదిలో పేరు చేరాక లాటరీకి అందరూ సమానమే. ఆరుగురికీ రావడం అరుదు. అరుదైనంత మాత్రాన మోసమని చెప్పలేం. లెక్కల టీచరుగా ఆ మాట తనే క్లాసులో వందసార్లు చెప్పి ఉంటుంది.

అందుకే వేరే ప్రశ్న వేసింది. ప్రోగ్రాం చుట్టూ చిన్న లూపు రాసింది. ఒకటి వెయ్యి, రెండు వెయ్యి, మూడు వెయ్యి, అలా వరసగా వేసుకుంటూ పో. ఆ ఆరుగురూ, దేముడమ్మా, ఏడుగురూ ఒకేసారి వచ్చిన మొదటి అంకె దగ్గర ఆగు.

కుక్కరు రెండో కూత వెయ్యకముందే ఆగింది.

1843.

కూర్మమ్మ రెండు అరచేతులూ గట్టుకు ఆనించింది. గట్టు చల్లగా ఉంది. ఊపిరి మాత్రం వేడిగా వస్తోంది.

“బావా, ఇలా రా.”

అతను కత్తిపీట మడిచి, చేతులు లుంగీకి తుడుచుకుని వచ్చాడు.

“వీళ్ళు ఒకటి దగ్గర మొదలెట్టారు. కావలసిన పేర్లన్నీ వచ్చేవరకూ వేసుకుంటూ పోయారు. మొదటిసారి కుదిరిన చోట ఆగిపోయారు. ఆ అంకె కంఠస్థం చేసి మైకులో చెప్పారు.”

“ప్రోగ్రాం ఆళ్ళ సేతికెలా ఎల్లింది?”

“ప్రిన్సిపల్ నరసింగరావు గారు అడిగారు. రెండు రోజుల ముందు. ఒకసారి సరిచూస్తాను ఇవ్వమ్మా అన్నారు. ఆయనా జగన్నాధమూ పాత స్నేహితులని అప్పుడు తట్టలేదు.” ఆ గొంతు, ఆ ‘అమ్మా’ ఇంకా ఆమె చెవిలోనే ఉన్నాయి. “మళ్ళీ మళ్ళీ వేసి చూసుకోవచ్చని గొప్పగా రాసింది నేనే. లాటరీ అయ్యాక చూసుకోవడానికి రాశాను. వాళ్ళు ముందే చూసుకున్నారు.”

నాగబాబు తెర వైపు చూశాడు. “మరి అత్తమ్మ పేరెందుకు? ఆడికి అత్తమ్మ ఏటవుతాది?”

అదే కూర్మమ్మ అడగడానికి భయపడిన ప్రశ్న. తల్లి పేరు తీసేసి, ఆరుగురి పేర్లతో మాత్రమే మళ్ళీ నడిపింది. 612 దగ్గరే ఆగింది.

ఆరుగురికీ కావలసింది ఆరు వందల దగ్గరే దొరికింది. అక్కడ ఆగవచ్చు. ఆగలేదు. దేముడమ్మ కోసం పద్ధెనిమిది వందల దాకా పోయారు. ఎందుకు? ప్రోగ్రాం రాసిన పిల్ల నోరు మూతపడాలని.

“నన్ను కొన్నారు బావా” అంది. “నన్నడక్కుండానే కొన్నారు. మా అమ్మకు ఇంటికప్పు చూపించి.”

కుక్కరు మూడో కూత, నాలుగో కూత, అయిదో కూత వేసింది. పప్పు అడుగంటిన వాసన వచ్చేవరకు ఇద్దరికీ స్టవ్ గుర్తు రాలేదు.

సోమవారం కాలేజీలో ఆమెకు శాలువా కప్పారు.

ప్రిన్సిపల్ గదిలోకి రమ్మంటే, అడగవలసినవన్నీ మనసులో వరస పెట్టుకుని వెళ్ళింది కూర్మమ్మ. తలుపు తీసేసరికి అక్కడ ధర్మేంద్ర కెమెరా పట్టుకుని ఉన్నాడు. నరసింగరావు చేతిలో జరీ అంచు శాలువా ఉంది. వద్దనే లోపే భుజాల మీద పడింది. ఫ్లాష్ వెలిగింది.

“మా కాలేజీకి పేరు తెచ్చావమ్మా.”

“సార్, ఆ అంకె ముందే వేసి చూశారు” అంది కూర్మమ్మ. శాలువా తీసి మడత పెట్టి బల్ల మీద పెట్టింది. “మీకిచ్చిన ప్రోగ్రాంతోనే చూశారు.” లూపు సంగతి చెప్పింది. 612 సంగతి చెప్పింది. ధర్మేంద్రకు అర్థం కావాలని మెల్లగా చెప్పింది. ఎంత మెల్లగా చెప్పినా గొంతు పైకే పోతోంది.

నరసింగరావు కళ్ళజోడు తీసి తుడిచాడు. “అదృష్టమనేది ఒకటుంటుందమ్మా. లెక్కలు చదివినవాళ్ళం, మనమే ఒప్పుకోకపోతే ఎలా?”

“అదృష్టం ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ రాదు సార్.”

“మీ అమ్మగారికి వచ్చిందిగా?”

“వచ్చింది కాబట్టే చెబుతున్నాను.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు. “పీహెచ్‌డీకి యూనివర్సిటీలో సీటొచ్చిందన్నావు కదూ? దానికి కాలేజీ నుంచి ఎన్ఓసీ కావాలి. అది నా సంతకంతోనే పోవాలి. ఏ టాపిక్కు అన్నావ్? ర్యాండమ్ నంబర్లా?” నవ్వాడు. “మంచి టాపిక్కు.”

ధర్మేంద్ర వరండాలోకి వచ్చాక ఆమె వెంట నాలుగడుగులు నడిచాడు.

“మేడమ్, మీరు చెప్పింది నాకు సగమే అర్థమైంది. కానీ రూలు రూలే. రాని కుటుంబాలు ఫిర్యాదు చేస్తే మావాళ్ళు తీసుకోరు. ఏ ఊళ్ళో అయినా రానివాళ్ళు మోసమంటూనే ఉంటారు. మీ పేరు జాబితాలో లేదు, మీరు చెబితే చెల్లదు. ఇల్లు వచ్చినవాళ్ళలో ఎవరైనా అభ్యంతరం చెబితే మాత్రం మళ్ళీ తియ్యాల్సిందే. గురువారం తాళాలు ఇస్తాం. ఆ లోపల.”

“వచ్చినవాళ్ళు ఎవరు చెబుతారండీ?”

“అందుకే ఇప్పటిదాకా ఏ ఊళ్ళోనూ మళ్ళీ తియ్యలేదు” అన్నాడు అతను తల దించుకుని.

మంగళవారం సెలవు పెట్టి చినసంద్రపేట వెళ్ళింది. దేముడమ్మ పట్టా ముందు కూర్చుని, తుప్పుపట్టిన ట్రంకు పెట్టెను బూడిదతో తోముతోంది. కొత్తింట్లోకి పాత పెట్టె మెరుస్తూ పోవాలని. పక్కనే రెండు కొత్త చీపుర్లు, సున్నం డబ్బా. కూర్మమ్మ కూర్చోకుండానే విషయం చెప్పింది. కూర్చుంటే చెప్పలేననుకుంది.

దేముడమ్మ చెయ్యి ఆగలేదు. పెట్టె మూల రుద్దుతూనే ఉంది.

“అయితే ఏటంటావు?”

“తాళం వద్దని చెప్పు. మళ్ళీ తియ్యమని చెప్పు.”

“మళ్ళీ తీస్తే నాకొస్తాదా?”

“తెలీదమ్మా. వస్తే రావచ్చు. రాకపోవడానికే ఎక్కువ.”

బూడిద గుడ్డ వచ్చి కూర్మమ్మ కాళ్ళ దగ్గర పడింది.

“నీకేటే! నీకు ఇల్లుంది. కప్పుంది. కూతేసే కుక్కరుంది. పోయిన వానకి నాను తాడట్టుకుని కూకుంటే నువ్వు మొగుడి పక్కన తొంగున్నావు. ఇప్పుడొచ్చి వద్దని సెప్పంటావా? నా నోటితోనా? నిన్ను సదివించింది ఇందుకేటే?”

“వాళ్ళు నీకు ఇల్లివ్వలేదమ్మా. నా నోటికి తాళమేశారు.”

“ఏసుకోనీ! ఆ నోరు ముయ్యడానికి ఇల్లు కడతానంటే నానే ముయ్యిద్దును ముందే!”

పక్క పట్టాలోంచి లక్ష్మణమ్మ తల బయటపెట్టి చూసి, లోపలికి తీసుకుంది. నీళ్ళ కుళాయి దగ్గర గొడవపడి ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు.

కూర్మమ్మకు తల్లి మీద కోపం రావడం లేదు. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే కోపం ఎటు పోవాలో తెలియక లోపలే తిరుగుతోంది. నరసింగరావు నవ్వు, మెడ మీద శాలువా బరువు. ఆమె ఇసుకలో సముద్రం వైపు నడిచింది.

ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. అటూ ఇటూ తాడు పట్టుకుని నలభై యాభై మంది, వంగి వెనక్కి అడుగులేస్తున్నారు. వల కడుపు ఒడ్డెక్కేసరికి వెండి కుమ్మరించినట్టు కవళ్ళు, నెత్తళ్ళు, అన్నీ చిన్న చేపలే. మధ్యలో అక్కడక్కడా ధర పలికే కానగడతలు. వల పెద్ద అసిరయ్య గొంతుకూర్చుని వాటాలు వెయ్యడం మొదలుపెట్టాడు. గుప్పెడు ఇటు, గుప్పెడు అటు, ఇసుక మీద కుప్పలు. కుప్పలు సమానంగానే వేస్తారు. కానీ సముద్రం చేపల్ని కొలిచి ఇవ్వదు. ఏదో కుప్పలో ఒక కానగడత ఎక్కువ పడుతుంది. అందుకే ఈ తీరంలో ఒక పద్ధతి ఉంది. కుప్పలు వేసినవాడు పేర్లు పిలవడు. పేర్లు పిలిచే మనిషి కుప్పలకు వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి నిలబడుతుంది. వెనక నుంచి ఒకరు కుప్ప మీద చెయ్యి పెట్టి “ఇదెవరికి?” అంటారు. చూడకుండా ఆమె నోటికొచ్చిన పేరు చెబుతుంది. ఆ పేరుదే ఆ కుప్ప. గొడవ లేదు.

చిన్నప్పుడు బడి లేని రోజుల్లో కూర్మమ్మే పిలిచేది. పెళ్ళయి వచ్చిన ఆడపడుచు కనబడితే ఆమెతో పిలిపించడం మర్యాద.

“ఓలి, కూర్మమ్మొచ్చింది!” అన్నాడు అసిరయ్య. “రాయే గుంటా, పిలు. పెద్ద సదువు సదివీసినావు, మా పేర్లు గేపకమున్నాయో నేదో సూద్దుము.”

అందరూ నవ్వారు. తట్ట పట్టుకుని దేముడమ్మ కూడా వచ్చింది. వాటా ఉంది కాబట్టి రాక తప్పదు. కూతురి వైపు చూడకుండా చివర నిలబడింది.

కూర్మమ్మ వెళ్ళి కుప్పల ముందు నిలబడింది. సముద్రం వైపు తిరగలేదు. కుప్పల వైపే ముఖం పెట్టింది. నెమ్మదిగా ఒక్కో కుప్పనూ చూసింది.

“తిరగవే” అన్నారెవరో.

ఆమె తిరగలేదు. కానగడత ఒకటి ఎక్కువ మెరుస్తున్న కుప్పను వేలితో చూపించింది. “అది దేముడమ్మది.”

నవ్వులు ఆగిపోయాయి. ఇంకో మంచి కుప్ప చూపించింది. “అది జగన్నాధం తమ్ముడిది. ఆ పక్కది ఆయన బావమరిదిది.”

“ఏయ్! ఇదేటి అన్నేయం?” అసిరయ్య లేచి నిలబడ్డాడు. తాడు లాగిన మగవాళ్ళు ముందుకొచ్చారు. “మతిపోయిందేటి? సూసి పిలుత్తారేటి ఎవులైనా?”

గుంపును తోసుకుని దేముడమ్మ వచ్చింది. ముఖం ఎర్రబడింది. కూతురి రెండు భుజాలూ పట్టుకుని సముద్రం వైపు తిప్పడానికి చూసింది.

“సిగ్గు నేదేటే నీకు! తిరుగు! నలుగురిలో నా పరువు తీస్తన్నావేటి? నాకు ఆ కుప్పొద్దు! ఈపు తిప్పి పిలువు!”

“మరి మొన్న ఇల్లెందుకు తీసుకున్నావు?” అంది కూర్మమ్మ. అరిచింది. ఇంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. “మొన్న హాల్లో పిలిచినవాళ్ళు ఇలాగే పిలిచారు! కుప్పల వైపు మొహం పెట్టి, ఏది ఎవరికో ముందే చూసుకుని, ఆ తర్వాత అందరి ముందూ వీపు తిప్పినట్టు నటించారు! ఒక కానగడత ఎక్కువొస్తే ఇంతమంది లేచారు. ఇళ్ళు పోతుంటే చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను!”

దేముడమ్మ చేతులు కూతురి భుజాల మీదే ఉన్నాయి. పట్టు మాత్రం సడలింది. కాసేపటికి ఆమె పక్కకు తప్పుకుని, తనే వెళ్ళి సముద్రం వైపు తిరిగి, కుప్పలకు వీపు పెట్టి నిలబడింది.

“కానీ అసిరయ్యా” అంది. “సెయ్యెట్టు. ఎవరికో నాను పిలుస్తాను.”

గురువారం తాళాలు. మెట్ట మీద మొదటి ఇంటి ముందు షామియానా, బంతిపూల దండలు, జగన్నాధం, పక్కన నరసింగరావు. ప్రొజెక్టరు లేకపోయినా లాటరీ వేసిన సంస్థ ల్యాప్‌టాపు బల్ల మీద అలంకారంగా ఉంది. కూర్మమ్మ, నాగబాబు గుంపు చివర నిలబడ్డారు. మంగళవారం నుంచీ తల్లి ఫోను ఎత్తలేదు. ఏం చేస్తుందో కూర్మమ్మకు తెలియదు.

“దేముడమ్మ!” అని పిలిచారు.

ఆమె ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని వెళ్ళింది. జగన్నాధం తాళం ఆమె అరచేతిలో పెట్టాడు. ధర్మేంద్ర కెమెరా ఎత్తాడు. దేముడమ్మ ఆ తాళాన్ని కొంతసేపు చూసుకుంది. బొటనవేలితో దాని పళ్ళు తడిమింది. తరవాత బల్ల మీద పెట్టింది.

“నాకొద్దు బాబూ. ఇది సూసి పిలిసిన వాటా.”

“ఏటే ముసిల్దానా, ఏటంటన్నావు?” అన్నాడు జగన్నాధం పళ్ళ మధ్య నుంచి.

“ఇల్లొచ్చినోల్లు సెప్తే మళ్ళీ తీస్తారంట గదా. నాకొచ్చింది. నాను సెప్తన్నాను. మళ్ళీ తియ్యండి.”

ధర్మేంద్ర కెమెరా దించాడు. జగన్నాధం వైపు చూశాడు. తర్వాత గుంపు వైపు చూశాడు. వల తాళ్ళు లాగే చేతులన్నీ అక్కడ ఉన్నాయి. గుండెల మీద కట్టుకుని ఉన్నాయి. “రూలు ప్రకారం…” అని మొదలుపెట్టి గొంతు సవరించుకున్నాడు. “మళ్ళీ తియ్యాలి.”

“తియ్యండి, తియ్యండి. నాకేటి భయం?” జగన్నాధం మైకు లాక్కున్నాడు. “అంకె నానే సెప్తాను.”

“మీరు కాదు” అంది కూర్మమ్మ ముందుకు వస్తూ. “నేనూ కాదు. ఎవరూ కాదు. అందరూ ఇళ్ళకెళ్ళి తలా గుప్పెడు చింతపిక్కలు తీసుకురండి. లెక్కపెట్టొద్దు. గుప్పిట మూసుకునే రండి.”

చింతపిక్కలు లేని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. పులుసు పిసికిన ప్రతిసారీ ఎండబెట్టి దాచేవే. పట్టాల కింద నుంచి, డబ్బాల్లోంచి, పిల్లల ఆటల మూటల్లోంచి వచ్చాయి. నూట పది కుటుంబాలు. ఒక్కొక్కరు గుప్పిట విప్పి పెద్ద చేపల తట్టలో పోశారు. కొందరివి పెద్ద గుప్పిళ్ళు, కొందరివి చిన్నవి. జగన్నాధం తమ్ముడు కూడా పోశాడు. ఏ గుప్పెట్లో ఎన్నున్నాయో పోసినవాడికే తెలియదు. ఒక్క పిక్క అటూ ఇటూ అయితే మొత్తం పేర్లే మారిపోతాయి. ఆ ఆఖరి పిక్క ఎవరిదో ఎవరు చెబుతారు? అయిదేసి చొప్పున ఆడవాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అసిరయ్య ఇసుకలో గీతలు గీశాడు. ఎండ నెత్తికెక్కినా ఒక్కరూ కదల్లేదు. నరసింగరావు మాత్రం కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ మెల్లగా కారు వైపు జరిగాడు. కారు తలుపు తీస్తూ కూర్మమ్మతో అన్నాడు. “ఎన్ఓసీ సంగతి మరిచిపోమ్మా.”

“మీ సంతకం అక్కరలేని చోటు చూసుకుంటాను సార్” అంది. ఏ చోటో ఆమెకు తెలియదు. అయినా ఆ మాట అనడం ఎంత బాగుందో! వెనక నాగబాబు ముసిముసిగా నవ్వడం వినబడింది.

లెక్క తేలింది. తేలిన అంకెను ధర్మేంద్ర కూర్మమ్మ ప్రోగ్రాంలోనే వేశాడు. ఒక్కొక్క పేరే చదవడం మొదలుపెట్టాడు.

కూర్మమ్మ తల్లి కోసం చూసింది. దేముడమ్మ అందరికీ దూరంగా, మెట్ట అంచున, ల్యాప్‌టాపుకు వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి నిలబడి ఉంది. నడుం మీద చెయ్యి. వాటాలు పిలిచేటప్పుడు నిలబడినట్టే. పేర్లు పడుతున్నాయి. లక్ష్మణమ్మ పేరు వచ్చింది. ఆమె అరవలేదు, అక్కడే నేల మీద కూలబడింది. జగన్నాధం చుట్టాల్లో ఇద్దరికి మళ్ళీ వచ్చింది. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. గొడవ లేదు. చింతపిక్కలు తామే పోశారు కదా. ముప్ఫై అయిదు. ముప్ఫై ఎనిమిది. కూర్మమ్మ గోళ్ళు నాగబాబు మణికట్టులో దిగాయి. నలభై.

దేముడమ్మ పేరు రాలేదు.

ఆమె వెనక్కి తిరిగింది. “అయిపోనాదా?”

“అయిపోయిందమ్మా.”

“ముందు ఎవులైనా సూసేరా?”

“లేదు.”

“నువ్వు?”

“నేనూ చూళ్ళేదు.”

దేముడమ్మ తల ఊపింది. కొంగు బిగించి దోపుకుని మెట్ట దిగింది. నేరుగా పట్టా దగ్గరకు వచ్చింది. పొద్దున గాలికి ఒక పక్క తాడు వదులైంది. నాగబాబు చొక్కా చేతులు మడిచి, పాత గుంజ పీకి, రెండడుగులు వెనక్కి కొత్తగా పాతి, లైనుమన్ ముడి వేసి బిగించాడు. పట్టా చర్రున సాగి నిలిచింది. మెరిసే ట్రంకు పెట్టెను మళ్ళీ లోపల పెట్టడానికి దేముడమ్మ ఒక చెవి పట్టుకుంది. పక్క పట్టాలోంచి లక్ష్మణమ్మ ఏడాది తరవాత మొదటిసారి ఇటు వచ్చి ఆ పెట్టె రెండో చెవి పట్టుకుంది.

కూర్మమ్మకు కన్నీళ్ళు ఆగడం లేదు. అవి జాలి కన్నీళ్ళు కావు. ఇద్దరు దొంగలకు మళ్ళీ వచ్చి, తన తల్లికి రాకపోవడమూ న్యాయమేనని తన చేత్తోనే రుజువు చేసుకున్నందుకు పళ్ళు కొరుక్కునే కోపం.

“ఊరుకో” అంది దేముడమ్మ. పొద్దుటి వాటా తట్టలోంచి నాలుగు కానగడతలు తీసి ఆకులో చుట్టింది. “అల్లుడుగోరికి పులుసెట్టు. మొన్న పప్పు మాడ్సీనావంట గదా, అలగ మాడ్సీకు.”

స్కూటరు కదిలాక వెనక నుంచి కేకేసింది.

“ఓలే కూర్మీ! పులుసు పిసికేక సింతపిక్కలు పారీకు! దాసుంచు. గాలివోన ఊరుకుంటాదేటి, మళ్ళీ ఇల్లు కట్టకా మానరు, మళ్ళీ లాటరీ ఎట్టకా మానరు!”